కారు తిరిగింది తక్కువే, ధర ఎందుకు పలకడం లేదు?

ప్రశ్న: మాది విజయవాడ. మావారు ఎనిమిది నెలల క్రితం కాలం చేశారు. 2018లో కొన్న హోండా సిటీ ఇంట్లో ఉంది. పెట్రోలు కారు, ఆటోమేటిక్ గేర్లు, అన్నిటికన్నా పై రకమైన జెడ్‌ఎక్స్. సన్‌రూఫ్, ఆరు ఎయిర్‌బ్యాగులు, క్రూజ్ కంట్రోల్ అన్నీ ఉన్నాయి. అప్పట్లో దాదాపు 16 లక్షలైంది. ఇన్నేళ్లలో తిరిగింది 27,400 కిలోమీటర్లే. నాకు డ్రైవింగ్ రాదు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హైదరాబాదులో ఉంటారు. బ్యాటరీ పాడవకూడదని పక్కింటి కుర్రాడు ప్రతి ఆదివారం కాసేపు తిప్పి తెస్తున్నాడు. పాత కార్లు కొనే ఒక కంపెనీ ఫోనులో 7 లక్షల 40 వేలు అంది, ఇంటికి వచ్చి చూశాక 6 లక్షల 10 వేలకు దిగింది. తెలిసిన బ్రోకరు 6 లక్షలు ఇప్పిస్తానంటున్నాడు. బండి మావారి పేరునే ఉంది కదా అంటే, పాత తేదీ వేసి సంతకం సంగతి తాను చూసుకుంటానంటున్నాడు. హైదరాబాదు తెస్తే 9 లక్షలు ఎక్కడికీ పోవని మా అమ్మాయి మాట. వెనక బంపరుకు మా గేటు తగిలి చిన్న సొట్ట పడింది. రంగు వేయించి అమ్మాలా? డ్యాష్‌బోర్డు అరలో మావారు పెట్రోలు లెక్కలు రాసుకున్న నోటు పుస్తకం ఉంది. కారుతోపాటు అదీ ఇచ్చేయాలా? ఏది ముందు చేయాలో తోచడం లేదు.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఆదివారం ఆ కుర్రాడిని కారు తీయవద్దని చెప్పండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ వాక్యమే.

మోటారు బీమా పాలసీలో చాలామంది చదవని ఒక షరతు ఉంటుంది. పాలసీ ఎవరి పేరున ఉందో ఆయన మరణిస్తే, ఆ రోజు నుంచి మూడు నెలల వరకు, లేదా పాలసీ గడువు తీరే వరకు, ఏది ముందైతే అంతవరకే అది చెల్లుతుంది. ఆలోగా వారసులు తమ పేరుకు మార్పించుకోవాలి. మీకు ఎనిమిది నెలలు గడిచాయి. బీమా కాగితం మీద ఇంకా గడువు కనిపిస్తున్నా, దాని అండ ఉందని అనుకోవద్దు. ఆ పిల్లవాడు సాయం చేయబోయి ఎవరికైనా తగిలిస్తే, ఆ భారం అతని మీదా మీ మీదా పడుతుంది. కారు గేటు లోపలే ఉండనివ్వండి. బ్యాటరీ దిగిపోతే దిగిపోనివ్వండి, కొత్తది కొన్ని వేలలో వస్తుంది.

రేపే బీమా కంపెనీకి వెళ్లండి. మరణ ధ్రువపత్రం, పాత పాలసీ, బండి రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్‌సీ చూపించి మీ పేరున పాలసీ అడగండి. గడువు దాటింది కాబట్టి కారును ఒకసారి చూస్తామని అనవచ్చు, చూడనివ్వండి. అక్కడే ఇంకో మాట కూడా అడగండి. ఏళ్ల తరబడి క్లెయిము చేయకపోతే మన కారుకే జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో రాయితీ పెరుగుతూ 50 శాతం వరకు చేరుతుంది. ఈ నో క్లెయిమ్ బోనస్ మనిషిదే తప్ప కారుది కాదు. అయితే యజమాని పోయి బండి భార్య చేతికో పిల్లల చేతికో వచ్చినప్పుడు ఆ రాయితీ వారికి దక్కే వీలుంది. అడగకపోతే ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఇక ఆ బ్రోకరు మాట. పోయిన మనిషి సంతకం మరొకరు పెట్టడం ఫోర్జరీ. దానికి వేరే పేరు లేదు. అందరూ చేసేదేనని అతను అనవచ్చు. కానీ రేపు ఎప్పుడైనా తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు చెప్పుకోవలసింది మీరూ మీ పిల్లలూ. అతనికి నమస్కారం పెట్టి పంపేయండి. ఆర్‌సీ గానీ, ఆయన ఆధార్ నకలు గానీ అతని దగ్గర ఉంటే వెనక్కి తీసుకోండి.

సరైన దారి ఒకటుంది, అదేమంత కష్టం కాదు. యజమాని మరణించినప్పుడు బండిని వారసుల పేరుకు మార్చడానికి 31వ నంబరు ఫారం ఉంది. మామూలుగా మరణించిన 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లో ఈ ఫారం ఇవ్వాలి. ఆలస్యమైందని కంగారు పడకండి. ఉన్న పరిస్థితి ఉన్నట్టు చెప్పి, జరిమానా ఏమైనా ఉంటే కట్టేయండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ పేరున బీమా, కాలుష్య పరీక్ష పత్రం, ఇద్దరు పిల్లల సమ్మతి పత్రాలు సిద్ధం చేసుకోండి. అబ్బాయి పత్రం అమెరికా నుంచి రావాలి కాబట్టి అది ఏ రూపంలో ఉండాలో రవాణా కార్యాలయంలో ముందుగానే కనుక్కోండి. లేకపోతే కొరియర్లకే నెల గడిచిపోతుంది. ఆ కారు అప్పుతో కొన్నదైతే ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆ పేరు తీయించని ఇళ్లు చాలా ఉన్నాయి. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, 35వ ఫారం ఇస్తే తొలగిస్తారు.

ఇది చదువుతున్న మిగతావారికి కూడా ఒక మాట. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు చేర్చుకునే వీలు వచ్చింది. పాత బండ్లకూ చేర్చుకోవచ్చు. చేర్చుకోండి. మీ తర్వాత మీ ఇంట్లో వాళ్లకు ఇన్ని కాగితాల తిప్పలు తగ్గుతాయి.

ఇప్పుడు ధర. 27,400 కిలోమీటర్లు అంటే నెలకు సుమారు 300. మీకు అది గర్వం. కొనడానికి వచ్చేవాడికి మాత్రం మొదట అనుమానమే కలుగుతుంది. మీటరు వెనక్కి తిప్పే మోసం గురించి వినని వాడు పాత కార్ల బజారులో ఉండడు. కాబట్టి తక్కువ తిరిగిందన్న మాటకు దానంతట దానికి విలువ లేదు, రుజువు తోడైతేనే విలువ. మీ దగ్గర ఆ రుజువు ఉంది. మీకే తెలియదు. డ్యాష్‌బోర్డు అరలోని నోటు పుస్తకమే అది.

పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు అంకె రాసిన పుస్తకాన్ని ఎవరూ ఒక్క రాత్రిలో సృష్టించలేరు. సిరా రంగులు మారతాయి, చేతిరాత నెమ్మదిగా మారుతుంది, ఒక నెల ఏ తిరుపతి ప్రయాణమో పడి అంకె పెద్దగా ఎగురుతుంది, తర్వాత మళ్లీ మెల్లగా నడుస్తుంది. అలాంటి నాలుగు పేజీలు చూసినవాడు మీటరు గురించి ఇంక రెండో ప్రశ్న వేయడు. దానికి తోడుగా కారు సర్వీసు చేయించిన కేంద్రంలో మొత్తం చరిత్ర ముద్రించి ఇమ్మనండి. ప్రతి సర్వీసు దగ్గర మీటరు అంకె నమోదై ఉంటుంది. పుస్తకంలోని అంకెలూ, బిల్లుల్లోని అంకెలూ ఒకదానికొకటి సరిపోతే మీ మాటకు తిరుగుండదు.

అయితే తక్కువ తిరగడంలో ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని దాచవద్దు. తిరగని కారుకూ వయసు పెరుగుతుంది. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. కుర్రాడిని పిలిచి ఫోను వెలుతురు వేసి చూడమనండి. 1418 అని ఉంటే 2018లో 14వ వారం తయారైన టైరు అని అర్థం. పైన గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఇన్నేళ్లకు రబ్బరు గట్టిపడి ఉంటుంది, వాన రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. చక్రాన్ని కాస్త తిప్పి చూస్తే పక్క గోడలో వెంట్రుక వాసి పగుళ్లు కనిపించవచ్చు. బ్రేకు ద్రవం, కూలెంటు, ఇంజిను నూనె కూడా కిలోమీటర్లతో పాటు కాలాన్ని బట్టీ మార్చాల్సినవే. ఇక ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది తేమను లాక్కుంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉండటం మంచిది కాదు.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి మా బంధువుల కారు నాలుగు నెలలు షెడ్డులో ఉంది. మెకానిక్ బానెట్ ఎత్తాడు. ఇంజిను పక్క మూలలో కొబ్బరి పీచు, పాత గుడ్డ పేలికలు, నమిలిన వేరుశనగ తొక్కలతో చక్కగా ఒక గూడు కట్టి ఉంది. పక్కనే రెండు వైర్లు తొక్క ఊడి రాగి తీగ మెరుస్తోంది. కొనడానికి వచ్చిన ఆయన ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. వైరు బాగు చేయడానికి అయింది కొన్ని వందలే. కానీ ఆ రోజు బేరం చెడిపోయింది. అందుకే ఎవరికీ చూపించక ముందే, బీమా మీ పేరున వచ్చిన వెంటనే, కారును సర్వీసు కేంద్రానికి పంపండి. నూనెలు, ద్రవాలు మార్పించండి, ఏసీ చూపించండి, బ్యాటరీ నీరసంగా ఉంటే కొత్తది వేయించండి. మీట నొక్కగానే స్టార్టు కాని కారుకు మంచి ధర ఇచ్చినవాణ్ని నేను చూడలేదు.

టైర్లు మాత్రం మార్పించకండి. నాలుగింటికీ దాదాపు 30 వేలు అవుతుంది, పెట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి రాదు. పైగా కొనేవాడికి తనకు నచ్చిన కంపెనీ ఉంటుంది. 2018 నాటి టైర్లేనని ముందే చెప్పి, ఆ మేరకు ధరలో తగ్గించండి. పరీక్షకు నడిపించేటప్పుడు ఊళ్లోనే తిప్పమనండి, జాతీయ రహదారి ఎక్కనివ్వకండి.

బంపరు సొట్ట జోలికీ వెళ్లవద్దు. కొత్త రంగు కనబడగానే దాని కింద పెద్ద ప్రమాదం ఉందేమోనని చూస్తారు. అన్నీ ఉన్న కారుకు ఒక్క గేటు దెబ్బ ఉంటే తప్పేమీ లేదు. గేటు తగిలిందని చెబితే చాలు. శుభ్రంగా కడిగించి, లోపల దుమ్ము తీయించి, తివాచీలు ఎండలో వేయించండి. మెరుగు నూనెలు పూయించవద్దు. రెండో తాళం వెతకండి, ఆయన బీరువాలోనో పాత చేతిసంచిలోనో ఉంటుంది. ఈ కారుకు వచ్చే తాళంలో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది, ఒకటే ఉంటే కొనేవాడు ధరలో గట్టిగా కోత పెడతాడు.

ధర ఎంత చెప్పాలి? మీరు 16 లక్షలు పెట్టారన్నది మీ లెక్క, బజారు లెక్క కాదు. సన్‌రూఫ్‌కూ, తోలు సీట్లకూ అప్పట్లో పెట్టిన అదనపు డబ్బు పాత కారులో చాలావరకు కరిగిపోతుంది. వాటివల్ల కారు త్వరగా అమ్ముడవుతుంది, అంతే. ఎయిర్‌బ్యాగుల సంగతి కొంచెం వేరు. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు వైపు ఒక్క ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయిందే 2019 జులై నుంచి. 2018 నాటి కారులో ఆరు ఉండటం చిన్న పిల్లలున్న ఇంటివాళ్లకు నిజంగా ఆకర్షణ. దాన్ని ముందు చెప్పండి. ఇంకో పక్క 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి సెడాన్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 45 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది. కొత్త కారు ధర తగ్గితే పాతదాని ధరా కిందికి జరుగుతుంది. అంతకు ముందు ఎవరో చెప్పిన ధరలు మనసులో పెట్టుకోవద్దు.

కంపెనీ ఇచ్చిన 6 లక్షల 10 వేలు వాళ్లు కొనే ధర. దాని మీద వాళ్ల లాభం, ఆ లాభం మీద 18 శాతం జీఎస్టీ, మరమ్మతులు, అమ్ముడయ్యే వరకు స్థలం ఖర్చు కలుపుకొని అమ్ముతారు. ఫోనులో ఎక్కువ చెప్పి ఇంటి ముందు తగ్గించడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. మనిషి వచ్చి గంటసేపు చూశాడు కదా, వద్దంటే బాగుండదేమో అనే మన మొహమాటమే వాళ్ల బలం. వద్దనండి. ఇంకో రెండు చోట్ల కాగితం మీద ధర రాయించుకోండి. ఆ తర్వాత విజయవాడ, గుంటూరు, ఏలూరు చుట్టుపక్కల అదే ఏడాది, అదే రకం కార్లకు ప్రకటనల్లో ఎంత అడుగుతున్నారో చూడండి. అడిగే ధర వేరు, తెగే ధర వేరు. నా అంచనాలో మీ కారు నేరుగా ఒక కుటుంబానికి అమ్మితే 7 లక్షలకు పైన తెగాలి. నేనైతే 7 లక్షల 75 వేలతో మొదలుపెట్టి 7 లక్షల 20 వేల దగ్గర ఆగుతాను, టైర్లు ఆ లెక్కలోనే కలుపుకొని. ఆరు వారాలైనా ఎవరూ రాకపోతే మీ ధరే ఎక్కువని అనుకోవాలి.

అమ్మాయి మాటలో ప్రేమ ఉంది, లెక్క మాత్రం పూర్తిగా లేదు. ఆంధ్రప్రదేశ్ నంబరు కారు హైదరాబాదు వాళ్లు కొంటే ఇక్కడి నుంచి 28వ ఫారంతో నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ తీసుకోవాలి, తెలంగాణలో మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఆ ఖర్చంతా మీకిచ్చే ధరలోంచే తగ్గిస్తారు. పైగా మీరు ప్రతి బేరానికీ అక్కడికి వెళ్లలేరు. ఇక్కడే అమ్మండి.

ప్రకటన పొగడ్తలతో నింపకండి. ఇలా చాలు: “హోండా సిటీ జెడ్‌ఎక్స్, పెట్రోలు, ఆటోమేటిక్, 2018. ఒకే కుటుంబం వాడింది. 27,400 కిలోమీటర్లు, ప్రతి పెట్రోలు లెక్కా, సర్వీసు చరిత్రా ఉన్నాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు, సన్‌రూఫ్, రెండు తాళాలు. టైర్లు 2018 నాటివి, మార్చుకోవాలి. వెనక బంపరుకు చిన్న సొట్ట. యజమాని మరణానంతరం భార్య పేరుకు మార్చినందున ఆర్‌సీలో రెండో యజమాని.” చివరి వాక్యం తప్పక ఉండాలి. అది ముందే చెప్పకపోతే, ఆర్‌సీ చూసిన క్షణం మిగతావన్నీ అబద్ధాలేమో అనుకుంటారు. ఫొటోలు పొద్దున్నే నీడపట్టున తీయించండి. మీటరు, టైరు అంకెలు, ఆ సొట్ట కూడా తీయించండి. ఇంటి నంబరు, నోటు పుస్తకంలో ఫోను నంబర్లు ఉన్న పేజీలు ఫొటోల్లో పడనివ్వకండి.

చూడటానికి వచ్చేవాళ్లను పగటిపూట, ఇంట్లో మరో పెద్దమనిషి ఉన్నప్పుడే రమ్మనండి. నడిపి చూస్తానంటే డ్రైవింగ్ లైసెన్సు చూసి, మీ మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టి పంపండి. అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అని ఎవరైనా ఫోనులో అంటే వెంటనే పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, యూపీఐ పిన్ నొక్కాల్సిన పని అసలే లేదు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టరీత్యా కుదరదు, తీసుకున్నవారికే అంత మొత్తం జరిమానా పడుతుంది. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే వచ్చిన డబ్బు మీద మూలధన లాభాల పన్ను భయం మాత్రం అక్కర్లేదు.

ఇప్పుడు నేను గొంతు పెంచి చెప్పాలనుకున్న మాట. డబ్బు చేతికందితే అమ్మకం పూర్తి కాలేదు. ఆర్‌సీలో పేరు మారితేనే పూర్తయింది. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో, 2007లోనే కారు అమ్మేసిన మనిషి ఉన్నాడు. ఆ కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగింది. రిజిస్టరులో ఇంకా ఆయన పేరే ఉంది కాబట్టి పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. అందుకే అమ్మకం తెలిపే 29, పేరు మార్పు కోరే 30 ఫారాలు ఖాళీగా సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వవద్దు. కొనేవారి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం పెట్టండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో మీరు రవాణా శాఖకు తెలియజేయాలి. నేనైతే అన్ని రోజులు ఆగను. కొనేవారిని పక్కన కూర్చోబెట్టుకొని పేరు మార్పు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టించి, ఫీజు కట్టించి, దరఖాస్తు నంబరు రాసుకున్నాకే తాళాలు ఇస్తాను. తాళాలు ఇచ్చిన తేదీతోపాటు సమయం కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం మీ దగ్గర ఉండాలి. ఆ సాయంత్రం పడిన చలానా ఎవరిదన్న తగాదాకు అదే జవాబు. అంతకు ముందే పాత చలానాలుంటే కట్టేయండి, ఫాస్టాగ్‌ను ఇచ్చిన బ్యాంకులో మూయించండి. పేరు మారిందా లేదా అని బండ్ల వివరాలు చూపే ఎం-పరివాహన్ యాప్‌లో అమ్మాయి చూసి చెప్పగలదు.

ఇంత తిరగలేను, కంపెనీకే ఇచ్చేస్తాను అని మీకు అనిపిస్తే తప్పు లేదు. మీ ప్రశాంతతకూ ఒక ధర ఉంటుంది. కానీ 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలన్న నిబంధన ఉంది. అది చూపించమనండి. కారు అప్పగించేటప్పుడు 29సీ ఫారం ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, ఆ తర్వాత జరిగేవాటికి డీలరే బాధ్యుడు. ఆ ఫారం సంగతి ఎత్తగానే మాట మార్చేవాడికి కారు ఇవ్వకండి.

చివరగా ఆ నోటు పుస్తకం. కొనేవారు అడుగుతారు. మొదటి పేజీ, ఏడాదికో పేజీ, చివరి పేజీ ఫొటోలు తీయించి ఇవ్వండి. వచ్చినవారికి మీ ముందే చూడమని చేతికివ్వండి. కారు వెళ్లే రోజు మాత్రం ఆ అర మీరే తెరిచి, పుస్తకం తీసి ఇంట్లో పెట్టుకోండి. అందులో చివరి అంకె ఆయన చేత్తో రాసింది.